‘పైకి వెళ్ళు’ అనే మాట
ఇల్లు లేనివారి పట్ల మన భాష, మన సాహిత్యం

ఇల్లు లేని మనిషిని తెలుగులో ఏమని పిలవాలి? ఈ ప్రశ్న తరగతిలో అడిగితే విద్యార్థులు రెండు రకాలుగా జవాబిస్తారు. కొందరు ‘బిచ్చగాడు’ అంటారు. అది ఒక పనికి పేరు, ఒక స్థితికి పేరు కాదు. ఇల్లు లేనివాళ్ళంతా బిచ్చమెత్తరు. కూలికి పోయేవాళ్ళు, పూలు కట్టేవాళ్ళు, బరువులు మోసేవాళ్ళు, రాత్రికి పేవుమెంటు మీద పడుకునేవాళ్ళు వాళ్ళలో ఎందరో ఉన్నారు. మరికొందరు, పత్రికలు చదివే అలవాటున్నవాళ్ళు, ‘నిరాశ్రయుడు’ అంటారు. అది ఎవరూ ఎవరితోనూ ముఖాముఖి అనని మాట. ఒకటి తిట్టుగా మారిపోయిన మాట, రెండోది దరఖాస్తు కాగితంలో మాట. ఈ రెండింటికీ మధ్య మనిషిని మనిషిగా పలకరించే మాట మన భాషలో ఉందా? ఉంటే మన సాహిత్యం దాన్ని వాడుకుందా? ఈ వ్యాసంలో పరిశీలించదలచుకున్నది ఇదే.

ఇది సాంఘిక సేవ గురించిన వ్యాసం కాదు, సాహిత్య విమర్శ. అయితే దయ, గౌరవం అనేవి ముందుగా మాటలోనే కనిపిస్తాయి. చేతిలో డబ్బు పెట్టడానికి ముందే ‘నువ్వు’ అనాలో ‘మీరు’ అనాలో తేల్చుకుంటాం. ఆ తేల్చుకోవడం క్షణంలో, ఆలోచన లేకుండా జరిగిపోతుంది. అందుకే అది భాషాశాస్త్రానికీ సాహిత్య విమర్శకీ కూడా పనికొచ్చే సాక్ష్యం.

మైలాపూరు: బిచ్చమెత్తే దేవుడు

తెలుగు రాష్ట్రాలకు వెలుపల తెలుగు చదువుకునే మన విద్యార్థులకు మైలాపూరు కొత్త చోటు కాదు. 1937లో శ్రీబాగ్ ఒడంబడిక కుదిరిన ఇల్లు ఇక్కడిదే. 1952లో పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం చేసిందీ ఇక్కడే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరున లజ్‌లో ఉన్న పార్కులో ఇప్పటికీ జనం పొద్దున్నే నడకకు వస్తారు. ఆయనకు ‘విశ్వదాత’ అని బిరుదు. మన చరిత్రలో దాతకు బిరుదు ఉంటుంది, విగ్రహం ఉంటుంది, పార్కు ఉంటుంది. పుచ్చుకున్నవాడికి పేరు కూడా ఉండదు. ఇది పంతులుగారి మీద విమర్శ కాదు. దానాన్ని మనం జ్ఞాపకం పెట్టుకునే పద్ధతి గురించి మాత్రమే ఈ మాట.

మైలాపూరుకు గుండెకాయ కపాలీశ్వరుడి కోవెల. కపాలి అంటే కపాలం పట్టుకున్నవాడు. ఆ కపాలం ఆభరణం కాదు, భిక్షాపాత్ర. బ్రహ్మ తల తుంచిన పాపం అంటుకుని, ఆ పుర్రె చేతిని వదలక, శివుడు ఇల్లిల్లూ తిరిగి బిచ్చమెత్తాడని పురాణం. ఆ భిక్షాటనమూర్తికి పంగుణి ఉత్సవాల్లో ఊరేగింపు ఉంది. ఆ ఉత్సవాల్లోనే ఎనిమిదో రోజున అరవై ముగ్గురు నాయనార్లనూ ఊరేగిస్తారు. ఆ రోజు మాడవీధుల్లో అడుగడుగునా అన్నం, మజ్జిగ, మంచినీళ్ళు ఉచితంగా పంచుతారు. ఈ ఆచారం నిన్నా మొన్నటిది కాదు. ఏడో శతాబ్దంలో జ్ఞానసంబంధర్ మైలాపూరు మీద పాడిన పదికంలో ఉత్సవాల వరుస అన్నసంతర్పణ ప్రస్తావనతోనే మొదలవుతుంది.

ఆ అరవై ముగ్గురిలో ఇళయాన్‌కుడి మార నాయనారు ఒకరు. అర్ధరాత్రి వానలో తడిసి వచ్చిన అతిథికి పెట్టడానికి ఇంట్లో గింజ లేక, ఆ పగలే చల్లిన విత్తనాలను పొలంలోంచి ఏరి తెచ్చి వండించాడు. మరొకరు శిరుత్తొండర్. తెలుగువారికి పాల్కురికి సోమనాథుడి బసవపురాణం ద్వారా, శ్రీనాథుడి హరవిలాసం ద్వారా సిరియాళుడుగా, చిరుతొండనంబిగా పరిచితుడు. అతిథి కోరాడని కన్నకొడుకునే వండిపెట్టినవాడు.

ఈ కథలన్నింటిలోనూ చివర్లో అతిథి శివుడని తేలుతుంది. విమర్శకుడు ఆగవలసిన చోటు ఇదే. వచ్చినవాడు దేవుడు కాకపోతే? పంచలో నిలబడ్డవాడు మామూలు మనిషే అయి, తెల్లవారినా మామూలు మనిషిగానే మిగిలిపోతే? మన సంప్రదాయం దయను గట్టిగానే నేర్పింది, కాని ఆ దయకు ఒక షరతు పెట్టింది: వీడు దేవుడై ఉండవచ్చు, జాగ్రత్త అని. షరతు లేని గౌరవం ఎలా ఉంటుందో నేర్పవలసిన బాధ్యత ఆధునిక సాహిత్యం మీద పడింది.

ఒకే పనికి ఎన్ని పేర్లు

ముందు పదాల సంగతి చూద్దాం. సంస్కృతంలో ‘భిక్ష’ ఒక్కటే మాట. తెలుగులో తత్సమంగా ‘భిక్ష’ అనీ, తద్భవంగా ‘బిచ్చం’ అనీ రెండుగా చీలింది. అర్థం ఒకటే, అంతస్తు మాత్రం వేరు. భిక్షువుకు నమస్కారం పెడతాం, బిచ్చగాణ్ణి అదిలిస్తాం. వడుగు చేసుకున్న పిల్లవాడు ‘భవతి భిక్షాం దేహి’ అంటే తల్లి మురిసిపోతుంది. అదే మాట వీధిలోని పిల్లవాడు తెలుగులో అంటే ముఖం తిప్పుకుంటుంది.

‘ముష్టి’ అంటే పిడికిలి. పిడికెడు గింజలు పెట్టడం ముష్టి పెట్టడం. ఇందులో కించపరిచే అర్థం మొదట ఏమీ లేదు, అది ఒక కొలత. ఇవ్వాళ ‘ముష్టి జీతం’, ‘ముష్టి వెధవ’ అన్న ప్రయోగాల్లో ఆ కొలత పూర్తిగా మాయమైంది. పెట్టే చెయ్యి పేరు పుచ్చుకునేవాడికి తిట్టయింది.

‘యాయావరుడు’ అంటే ఒకచోట నిలకడగా ఉండక తిరిగేవాడు. దాన్నుంచి వచ్చిన ‘యాయవారం’ బ్రాహ్మణుడు ఇంటింటికీ వెళ్ళి బియ్యం తెచ్చుకోవడానికి పేరు. ఉపాదానం, మధూకరం కూడా అలాంటివే. పేద విద్యార్థి రోజుకొక ఇంట్లో భోంచేస్తే ‘వారాలు’ చేసుకుంటున్నాడన్నారు. ఇదే పని ఇతర కులాలవాళ్ళు చేస్తే ‘అడుక్కోవడం’ అయింది. చెయ్యి చాచడం ఒకటే అయినా కులాన్ని బట్టి క్రియ మారింది. శబ్దార్థ చరిత్రలో కులం ఎలా పనిచేస్తుందో చూపించడానికి నాకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకలేదు.

వీరశైవులు ఈ క్రమాన్ని తలకిందులు చెయ్యబోయారు. స్థావరం కంటె జంగమం గొప్పదన్నారు. కట్టిన గుడి కంటె తిరిగే మనిషి దేవుడన్నారు. ఇల్లు లేకపోవడమే మహిమ అయిన అరుదైన సందర్భం అది. కాని కాలక్రమంలో ‘జంగమ’ శబ్దం కూడా ‘జంగం’ అనే కులనామంగా స్థిరపడింది. కదిలేవాడికి పెట్టిన పేరు కదలకుండా నిలిచిపోయింది.

‘బిచ్చగాడు’లోని ‘గాడు’ ప్రత్యయం గురించి కూడా ఒక మాట చెప్పాలి. విద్యార్థులు దీన్ని వ్యక్తుల పేర్ల చివర తేలిక భావంతో చేర్చే ‘గాడు’తో ఒకటిగా చూస్తుంటారు. ఇక్కడ అది వేటగాడు, అందగాడు, మొనగాడు వంటి మాటల్లోని ప్రత్యయమే. స్వతహాగా నిందార్థకం కాదు. చిన్నచూపు ప్రత్యయంలో లేదు, మనం పిలిచే గొంతులో ఉంది. అందుకే మాట మార్చినంత మాత్రాన చూపు మారదు. ఈ సంగతి ముందు ముందు అవసరపడుతుంది.

గుమ్మం దగ్గర సంభాషణ

తెలుగు ఇళ్ళలో ‘లేదు’ అనడం అశుభం. బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటాం. బిచ్చానికి వచ్చినవాడితో కూడా సూటిగా లేదనం. ‘చెయ్యి ఖాళీ లేదు’ అంటాం. లేదా ‘పైకి వెళ్ళు’ అంటాం. ఇక్కడ ‘పై’ అంటే మిద్దె కాదు, ముందరి ఇల్లు. ఈ రెండు వాక్యాలను భాషాశాస్త్ర దృష్టితో చూస్తే చాలా నాగరికమైనవి. మొదటిది లేమిని వస్తువు మీదికి పోనివ్వకుండా చేతి తీరిక మీదికి నెడుతుంది. రెండోది నిరాకరణను దారి చూపించడంగా మారుస్తుంది. నేను పెట్టలేకపోయినా పక్కింటివాళ్ళు పెడతారన్న నమ్మకం అందులో ఉంది.

ఆ నమ్మకానికి ఆధారం ఊరు. ఊళ్ళో పై ఇల్లు నిజంగానే ఉండేది. నగరంలో అపార్టుమెంటు వచ్చింది, గేటు వచ్చింది, గేటు దగ్గర వాచ్‌మన్ వచ్చాడు. గుమ్మం పోయింది. గుమ్మంతోబాటు గుమ్మం దగ్గరి సంభాషణ కూడా పోయింది. ఇప్పుడు ‘పైకి వెళ్ళు’ అంటే ఎక్కడికి వెళ్ళాలి? పేవుమెంటు మీద పడుకున్న మనిషి మన తలుపు తట్టడు, మనమే అతని పక్కనుంచి నడిచిపోతాం. ఊళ్ళో బిచ్చానికి వచ్చినవాడు మాట్లాడేవాడు, ఇంట్లోవాళ్ళు జవాబు చెప్పేవారు. నగరంలో ఇద్దరికీ మాట లేదు.

ఆ పాత సంభాషణలో మనం అంతగా గమనించని విషయం ఒకటుంది. వచ్చినవాడు మనతో చుట్టరికం కలిపేవాడు. ‘అమ్మా’, ‘తల్లీ’, ‘బాబూ’ అనేవాడు. ‘మాదాకబళం తల్లీ’ అన్న కేక విన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. ‘మాతా, కబళం’ అన్నదే నోళ్ళలో నలిగి అలా అయిందని చెబుతారు. అంటే అతని మొదటి మాటే బంధుత్వవాచకం. మనం తిరిగి ఏమన్నాం? ‘పైకి వెళ్ళు’ అన్నాం. క్రియ మాత్రమే ఉంది, సంబోధన లేదు. అతను అమ్మా అన్నాడు, మనం అయ్యా అనలేదు. గౌరవలోపం తెలుగులో ఎక్కడుందంటే తిట్టులో కంటె ఎక్కువగా ఇలా ఎగిరిపోయిన సంబోధనలోనే ఉంది.

శ్రీశ్రీ ముసలమ్మ

ఈ దృష్టితో ‘భిక్షువర్షీయసి’ చదవండి. 1950లో పుస్తకంగా వచ్చిన మహాప్రస్థానంలోని ఖండిక ఇది. దారిపక్క చెట్టుకింద, లేవలేని స్థితిలో ఒక ముసలి బిచ్చగత్తె పడి ఉంటుంది. చలికాలం రాబోతోంది. ఆమె చచ్చిపోతే ఆ పాపం ఎవరిదని గాలి అడుగుతుంది. కుక్క తన ఎముక తాను చూసుకుంటుంది. తొండ తన ఈగను తాను మింగి వెళ్ళిపోతుంది. చివరికి ఒక ఎంగిలాకు ఎగిరివచ్చి, ఆ పాపం తనది కాదంటుంది.

ఈ ఖండికను సాధారణంగా జాలి కవితగా, అభ్యుదయ కవితకు తొలి నమూనాగా చెబుతారు. జాలి ఉన్నమాట నిజమే. కాని దాని నిర్మాణంలో జాలిని మించినదొకటి ఉంది. ఇందులో ముసలమ్మ తప్ప మరో మనిషి లేడు. దారి ఉంది, దారిన పోయేవాడు లేడు. ఉన్నదంతా గాలి, కుక్క, తొండ, ఆకు. మనిషి వదిలిన ఆనవాలు ఆ ఎంగిలాకు ఒక్కటే. ఎవరో కడుపునిండా తిని పారేసిన ఆకు అది. తిన్నవాడు వెళ్ళిపోయాడు, అతని తరఫున ఆకు సాక్ష్యం చెబుతోంది. పాపం నాది కాదు అన్న మాట మనం అనవలసినది, కవి దాన్ని మన విస్తరి చేత అనిపించాడు. దారిన పోయేవాణ్ణి కవితలోంచి తీసెయ్యడం వల్ల ఆ ఖాళీలో పాఠకుడే నిలబడవలసి వస్తుంది. ఇంతకంటె పదునైన నింద తెలుగు కవిత్వంలో తక్కువ.

ఇక సంబోధనల సంగతి. శీర్షిక ఘనమైన సంస్కృత సమాసం. వర్షీయసి అంటే మిక్కిలి ముసలిది. బిచ్చగత్తెను ‘భిక్షు’ శబ్దంతో చెప్పడంలోనే తత్సమానికున్న గౌరవాన్ని ఆమెకు కట్టబెట్టే ప్రయత్నం ఉంది, ఆ గౌరవం ఆమెకు దక్కలేదన్న వెటకారమూ ఉంది. లోపల కవి చూపు తన గొంతుతో సాగినంతసేపూ ఆమె మామూలు లోకం అనే ముసలిదే. గాలి ప్రశ్నలో మాత్రం ఆమె ‘అవ్వ’ అవుతుంది. రాయలసీమలోనూ కోస్తాలోనూ అవ్వ అంటే నాయనమ్మో అమ్మమ్మో, తెలంగాణలో అవ్వ అంటే అమ్మే. కవిత మొత్తంలో ఆమెతో చుట్టరికం కలిపింది గాలి ఒక్కటే. పాపపుణ్యాల ప్రశ్న చుట్టరికం కలిపిన నోటినుంచే రావడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. పరాయి మనిషి చావు వార్త అవుతుంది. అవ్వ చావు ప్రశ్న అవుతుంది.

ఇంత చెప్పిన తర్వాత, ఈ ఖండిక చెయ్యని పని ఏమిటో కూడా చెప్పాలి. అందులో ముసలమ్మ మాట్లాడదు. మూలుగు ఉంది, మాట లేదు. ఆమెకు ఏం కావాలో, ఎక్కడనుంచి వచ్చిందో, ఎవరి మీద కోపమో మనకు తెలియదు. ఆమె ఒక ప్రశ్నకు కారణం, ప్రశ్న వేసే మనిషి కాదు. దయను ఈ కవిత శిఖరానికి తీసుకువెళ్ళింది. గౌరవానికి కావలసిన రెండో మెట్టు, అంటే అవతలి మనిషి నోటి మాట, వేరే చోట వెతుక్కోవాలి.

చాసో ముష్టివాళ్ళు

ఆ రెండో మెట్టు చాగంటి సోమయాజులు (1915–1994) కథ ‘ఎంపు’లో కనిపిస్తుంది. ఇది బిచ్చమెత్తి బతికేవాళ్ళ మధ్య జరిగే పెళ్ళి కథ. ఈడొచ్చిన పిల్ల మనసు ఒక కుంటివాడి మీద ఉంది. తండ్రి గుడ్డివాణ్ణి చేసుకోమంటాడు. గుడ్డివాడి సంపాదన ఎక్కువ. తండ్రి వాదంలో దాపరికం లేదు, ఉన్నది లెక్క. కథ ఎలా ముగుస్తుందో చెప్పను, విద్యార్థులు చదువుకోవలసినదే.

మొదటిసారి చదివినవాళ్ళలో కొందరికి ఈ కథ కటువుగా తోస్తుంది. ఇందులో కన్నీళ్ళు లేవు. రచయిత పాత్రల్ని ‘ఆయన’, ‘ఆవిడ’ అని మన్నించలేదు. అవిటితనాన్ని మెత్తని మాటల్లో చుట్టలేదు. మర్యాద మాటలే గౌరవానికి కొలబద్ద అయితే ఈ కథ తప్పిపోతుంది. కాని అందులో జరుగుతున్నదేమిటో చూడండి. ఏ కలవారింట్లో అయినా పెళ్ళి మాటలప్పుడు జరిగే చర్చే ఇక్కడా జరుగుతోంది. పిల్లకు ఇష్టం ఉంది, తండ్రికి అనుభవం ఉంది, వరుడికి సంపాదన ఉంది. మన ఇళ్ళలో జీతం, కట్నం అని మర్యాదగా అనే మాటలను వీళ్ళు ముసుగు లేకుండా అంటున్నారు. నవ్వు వస్తుంది. ఆ నవ్వు వాళ్ళ మీదికి పోయి, మలుపు తిరిగి మన మీదికి వస్తుంది.

ముఖ్యమైన సంగతి ఏమంటే, ఈ కథలో అందరూ మాట్లాడతారు. వాళ్ళ మాండలికంలో, వాళ్ళ తర్కంతో మాట్లాడతారు. మన దయకోసం ఎదురుచూడరు. వాళ్ళకు ఎంచుకునే హక్కుంది, ఆ సంగతి శీర్షికే చెబుతోంది. ఇల్లూ వాకిలీ లేనివాడికి కోరికలుండవు, ఆకలి ఒక్కటే ఉంటుందని అనుకోవడం మనకు తెలియకుండానే మనలో పాతుకున్న అగౌరవం. చాసో దాన్ని ఒక్క కథతో పెకలించాడు. శ్రీశ్రీ పాఠకుణ్ణి బోనులో నిలబెట్టాడు. చాసో పాఠకుణ్ణి అసలు పట్టించుకోకుండా వాళ్ళ ఇంటి మాటలు వాళ్ళ చేతనే మాట్లాడించాడు. రెండూ కావాలి. ఒకదాని ముందు మరొకటి ఓడదు.

మారువేషం

నేటి విద్యార్థులకు ఈ ఖండిక కంటె, ఈ కథ కంటె బాగా తెలిసినది 2016లో వచ్చిన ‘బిచ్చగాడు’ సినిమా. శశి దర్శకత్వంలో విజయ్ ఆంటోనీ నటించిన తమిళ ‘పిచ్చైక్కారన్’ తెలుగు అనువాదం. తెలుగునాట అది అనూహ్యంగా ఆడింది. ధనవంతుడైన కొడుకు, స్పృహ లేని తల్లి కోసం 48 రోజులు, అంటే ఒక మండలం, తానెవరో చెప్పకుండా బిచ్చమెత్తి బతుకుతానని మొక్కుకుంటాడు.

ఈ కథ ఇంత మందికి ఎందుకు నచ్చిందో ఆలోచిస్తే మైలాపూరు గుర్తుకొస్తుంది. ఇది భిక్షాటనమూర్తి కథే. బిచ్చగాడిలా కనిపిస్తున్నవాడు నిజానికి వేరు, పెద్దవాడు. ప్రేక్షకుడికి ఆ రహస్యం తెలుసు కాబట్టి అతనికి జరిగే ప్రతి అవమానం బాధిస్తుంది. చిక్కు అక్కడే ఉంది. అవమానం తప్పు కావడానికి కారణం అతను మనిషి కావడం కాదు, అతను నిజంగా బిచ్చగాడు కాకపోవడం. పక్కన కూర్చున్న అసలు బిచ్చగాళ్ళకు జరిగే అవమానం మనల్ని అంతగా కదిలించదు. అయితే ఆ సినిమాకు న్యాయం చెయ్యాలంటే మరొకటి కూడా చెప్పాలి. పెద్ద నోట్లు రద్దు చేస్తే పేదరికం పోతుందని అందులో ఒక బిచ్చగాడు ఆర్థికశాస్త్రం చెబుతాడు. ఆ ఏడాది నవంబరులో నోట్ల రద్దు జరిగాక ఆ మాటలు అందరి నోళ్ళలోనూ మళ్ళీ నానాయి. వినోదం కోసమే అయినా, మారువేషం కాని బిచ్చగాడికి అక్కడ దేశం గురించి ఒక అభిప్రాయం దక్కింది.

తమిళం కూడా చదవగలిగిన విద్యార్థులు దీని పక్కన జెయమోహన్ నవల ‘ఏళాం ఉలగం’ (2003) పెట్టుకుని చూడాలి. అవిటివాళ్ళ చేత బిచ్చమెత్తించి బతికే వ్యాపారులు అందులో ఆ మనుషుల్ని ‘ఉరుప్పడి’ అంటారు. సరుకును, పశువులను లెక్కపెట్టేటప్పుడు వాడే మాట అది. మనిషికి వస్తువు పేరు పెడితే కొనడం, అమ్మడం ఎంత తేలికో ఆ ఒక్క మాట చూపిస్తుంది. కాని ఆ ‘ఉరుప్పడులు’ తమలో తాము మాట్లాడుకుంటారు, వేళాకోళాలాడుకుంటారు, దేవుణ్ణి వెక్కిరిస్తారు. పైనుంచి వస్తువుల్లా కనిపించేవాళ్ళు లోపలినుంచి మనుషుల్లా వినిపిస్తారు. చాసో ఒక చిన్న కథలో చేసిన పనికి ఇది నవలంత విస్తరణ. ఆ నవల ఆధారంగా బాలా తీసిన ‘నాన్ కడవుళ్’ 2009లో వచ్చింది.

మర్యాద మాట, మర్యాద లేని పని

ఇక ‘నిరాశ్రయులు’ దగ్గరకు వద్దాం. ప్రభుత్వ తమిళంలో ‘వీడట్రోర్’ అంటారు. రెండు మాటలూ మనిషిని అతనికి లేనిదాన్ని బట్టి పిలుస్తాయి. తమిళంలో ‘వీడు’ అంటే ఇల్లు, మోక్షం కూడా. పాత తెలుగులో ‘వీడు’ అంటే పట్టణం. నేటి తెలుగులో ‘వీడు’ దగ్గరున్న మనిషిని తేలిక చేసి చెప్పే సర్వనామం. ఇవన్నీ ఒకే మూలం నుంచి వచ్చినవి కావు, కాని రెండు భాషల మధ్య పెరిగిన మన పిల్లల చెవుల్లో ఇవి పక్కపక్కనే మోగుతాయి.

మర్యాదైన మాట వచ్చింది కాబట్టి పని కూడా మర్యాదగా ఉందనుకోవద్దు. 2011 జనాభా లెక్కల్లో ఫిబ్రవరి 28 రాత్రి ఇల్లు లేనివారిని లెక్కించారు. దేశం మొత్తం మీద దాదాపు 17.7 లక్షల మంది తేలారు. అంతకు ముందు 2010లో సుప్రీంకోర్టు పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక ఆశ్రయగృహం చొప్పున ఏర్పాటు చెయ్యాలని ఆదేశించింది. ఇక్కడ ఆశ్రయం హక్కు అయింది. కాని 2017 నవంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ సదస్సుకు ముందు పోలీసులు బిచ్చమెత్తడాన్ని నిషేధించి, వీధుల్లో ఉన్నవాళ్ళను చర్లపల్లి, చంచల్‌గూడ జైళ్ళ ఆవరణల్లోని కేంద్రాలకు తరలించారు. ఇక్కడ కూడా వాడిన మాట ఆశ్రయమే, పునరావాసమే. మద్రాసు రాష్ట్రంలో బిచ్చమెత్తడాన్ని నేరం చేసిన చట్టం 1945 నాటిది. 2018లో ఢిల్లీ హైకోర్టు ఆ నగరానికి వర్తించే అలాంటి చట్టంలోని నేర నిబంధనలను కొట్టివేసింది. పేదరికం నేరం కాదని చెప్పడానికి ఒక న్యాయస్థానం అవసరమైంది.

తెలుగువాళ్ళుగా మనకు మరీ దగ్గరి సంగతి ఒకటుంది. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి పనికి వచ్చిన కూలీలు. ఇలాంటి కూలీలకు సొంత ఊళ్ళో ఇల్లుంటుంది, ఇక్కడ ఉండదు. కడుతున్న ఇంటి దగ్గరే వండుకుంటారు, అక్కడే పడుకుంటారు. వీళ్ళను బిచ్చగాళ్ళనలేం, నిరాశ్రయులన్న లెక్కలోకీ రారు. పత్రికలు ‘వలస కూలీలు’ అన్నాయి. చాసో పాత్రలు మాట్లాడిన మాండలికమే వాళ్ళదీ. చెన్నైలో తెలుగు చదువుకునే మనవాళ్ళు ఎన్నిసార్లు ఆ యాసను బస్సులో విని, అది తెలుగేనని గుర్తుపట్టి కూడా పలకరించకుండా ఊరుకున్నారో తమను తాము అడిగి చూసుకోవచ్చు.

చివరి మాట

మొదటి ప్రశ్నకు వద్దాం. ఇల్లు లేని మనిషిని ఏమని పిలవాలి? నామవాచకం వెతకడంలోనే పొరపాటుంది. తెలుగులో గౌరవం నామవాచకంలో లేదు, సంబోధనలోనూ క్రియాంతంలోనూ ఉంది. అవ్వా, తాతా, అమ్మా, అయ్యా, అన్నా, అక్కా అన్న మాటలు మనకు ఎప్పటినుంచో ఉన్నాయి. ‘వచ్చింది’ అన్న క్రియ ఆవుకూ సరిపోతుంది, ఆమెకూ సరిపోతుంది. ‘వచ్చారు’ అంటే మనిషి మాత్రమే. ఒక్క ‘రు’తో వ్యాకరణం చెయ్యగలిగిన పనిని మనం పేరున్నవాళ్ళకే దాచిపెట్టుకున్నాం.

కాని సంబోధన ఒక్కటీ చాలదని కూడా ఈ రచనలు చెబుతున్నాయి. గాలి అవ్వ అన్నది, ఆగకుండా వెళ్ళిపోయింది. సినిమా హీరో అందరి చేతా కన్నీరు పెట్టించాడు, మొక్కు తీరాక తన ఇంటికి పోయాడు. సంభాషణ అంటే ఒకరి తర్వాత ఒకరికి వంతు రావడం. ‘ఏం కావాలమ్మా?’ అని అడిగి, జవాబు వచ్చేదాకా నిలబడితేనే రెండోవారికి వంతు వచ్చినట్టు. జవాబు మనకు నచ్చకపోవచ్చు. ఆ జవాబు డబ్బు కాక పని కావచ్చు, తిట్టు కావచ్చు, ‘మీ దారిన మీరు పొండి’ అనీ కావచ్చు. ఆ స్వేచ్ఛ కూడా గౌరవంలో భాగమే.

విద్యార్థులు ఇక మీదట ఇల్లు లేనివారిని చిత్రించిన ఏ రచన చదివినా మూడు ప్రశ్నలు వేసుకోమని నా సూచన. ఈ రచనలో ఆ మనిషిని ఎవరు, ఏమని పిలుస్తున్నారు? ఆ మనిషి మాట్లాడుతున్నాడా, లేక అతని గురించి మాత్రమే మాట్లాడుతున్నారా? అతను నిజానికి దేవుడో ధనవంతుడో అని చివర్లో తేలకపోయినా ఈ రచన నిలబడుతుందా? మూడో ప్రశ్నకు అవునన్న జవాబు వచ్చే రచనలు తెలుగులో ఎన్ని ఉన్నాయో లెక్క తీస్తే ఒక మంచి పరిశోధన అవుతుంది. ‘భిక్షువర్షీయసి’, ‘ఎంపు’ ఆ లెక్కలో మొదటి రెండు.